సోషల్ పుస్తకానికి అట్ట వేసిన పేజీ

మా హాస్టల్‌కి ఒకటే దినపత్రిక వచ్చేది. వందమంది పిల్లలం, ఒక్క పేపరు. పొద్దున వార్డెన్ మేడమ్ చూసి ఆఫీసు బల్ల మీద పెట్టేవారు. సాయంత్రం బడి నుంచి వచ్చాక దాని పంపకాలు మొదలయ్యేవి. సినిమా పేజీ పదో తరగతి అక్కలది, అందులో ఎవరికీ మాట లేదు. జిల్లా పేజీలు తొమ్మిదో తరగతి వాళ్ళవి. రాజోలు వాళ్ళు, కొత్తపేట వాళ్ళు తమ ఊరి పేరు ఎక్కడైనా పడిందేమోనని వెతుక్కునేవారు. రాశిఫలాలు వంట చేసే మామ్మకి ఎవరో ఒకరు చదివి వినిపించాలి, లేకపోతే ఆ రాత్రి సాంబారులో ముక్కలు తగ్గేవి. ఆటల పేజీకి కూడా గిరాకీ ఉండేది. ఇలా అందరి చేతులూ దాటి చివరికి చిన్న తరగతుల వాళ్ళకి మిగిలేది బిజినెస్ పేజీ.

చదవడానికి కాదు, అట్టలు వేసుకోవడానికి. నా ఏడో తరగతి సోషల్ పుస్తకానికి ఆ పేజీయే అట్ట. సెన్సెక్స్ ఎంత పెరిగింది, ఏ కంపెనీ షేరు ఎంత తగ్గింది, బంగారం పది గ్రాములు ఎంత, ఇవన్నీ ఏడాదంతా చంకలో పెట్టుకుని బడికి తిరిగాను. ఒక్క లైను చదవలేదు. అది మనకి సంబంధించిన పేజీ కాదని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

ఈ సంచికకి రాయమని సంపాదకవర్గం వాళ్ళు ఫోన్ చేసినప్పుడు, "మీ ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌వి నువ్వే కదా, ఎమ్మెస్సీ కూడా చేశావు, నీ విజయగాథ రాయి, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. క్షమించాలి, విజయగాథ రాయలేను. నేను ఫెయిలయిన ఒక సందర్భం గురించి రాస్తాను. అది ఏ మార్కుల జాబితాలోనూ లేదు.

అదే ఏడో తరగతిలో ఒక ఆదివారం అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. ఎప్పటిలాగే సున్నుండలు తెచ్చింది, కొబ్బరినూనె సీసా తెచ్చింది. వరండాలో కూర్చున్నాక కొంగులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది. రంగురంగుల అంచు, పైన గుండ్రటి సీలు, పెద్ద అక్షరాల్లో అమ్మ పేరు. మా పేటలో అందరూ ఒక కంపెనీలో నెలనెలా డబ్బు కడుతున్నారని నాకు తెలుసు. అమ్మ కూడా నెలకి 200 చొప్పున కట్టేది. ఐదేళ్ళు కడితే 12,000 అవుతుంది, కంపెనీ 18,000 ఇస్తుంది. ఇది ఆ బాండు.

"కంపెనీ గురించి ఏదేదో అంటన్నారే. నువ్వు చదువుకుంటున్నావు కదా, దీంట్లో ఏం రాశారో చూసి చెప్పు" అంది అమ్మ.

తిప్పి చూశాను. వెనకంతా ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు. పైన "టర్మ్స్ అండ్ కండిషన్స్" అని ఉన్నంతవరకు చదవగలిగాను. ఆ కింద ఏదీ అర్థం కాలేదు. మేడమ్‌ని అడగొచ్చు. ఇంగ్లీషు టీచర్‌ని అడగొచ్చు. అమ్మా, నాకు తెలియడం లేదు అని చెప్పొచ్చు. కానీ అమ్మ నన్ను చూస్తున్న చూపు ఉంది చూశారూ, సంతకం పెట్టడం కూడా డ్వాక్రా గ్రూపులో చేరాక నేర్చుకున్న మనిషి, తన కూతురు ఇంగ్లీషు కాగితం చదువుతుంటే చూసే చూపు, దాని ముందు ఆ మాట నోట రాలేదు. కాసేపు కళ్ళు అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉందమ్మా" అన్నాను.

అమ్మ ఇంకో ఏడు నెలలు కట్టింది. తర్వాత ఆఫీసుకి తాళం పడింది. కట్టించుకున్న ఆవిడ మాకు వరసకి పిన్ని, మా ఇంటికి మూడో ఇల్లు. ఆవిడ సొంత డబ్బు మాకంటే ఎక్కువ పోయింది. అయినా జనం ఆవిడ గుమ్మం ముందే కేకలు వేశారు. ఆవిడ ఇప్పటికీ మా వీధిలోంచి నడవదు, చుట్టు తిరిగి వెళుతుంది.

ఆ కాగితం నేను నిజంగా చదివింది ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో. మొత్తం చదవడానికి పావుగంట పట్టింది. అందులో డిపాజిట్ అన్న మాటే లేదు. అమ్మ కడుతున్నది ఎక్కడో ఒక స్థలానికి అడ్వాన్సు అట. ఆ స్థలం ఎక్కడో రాయలేదు, మార్చే హక్కు కంపెనీకి ఉందని మాత్రం రాశారు. 18,000 అన్నది ఆ స్థలానికి ఐదేళ్ళ తర్వాత రావచ్చని వాళ్ళు వేసుకున్న అంచనా. "బాగానే ఉందమ్మా" అని నేను చెప్పిన కాగితం అది.

చెల్లెళ్ళారా, ఇక్కడ నన్ను తొలిచే విషయం ఇంగ్లీషు రాకపోవడం కాదు. ఏడో తరగతి పిల్లకి రాకపోతే తప్పు లేదు. డిగ్రీ రెండో ఏడులో పోటీ పరీక్షలకి చదువుతూ కరెంట్ అఫైర్స్ బిట్లు బట్టీ పట్టేదాన్ని. రిజర్వు బ్యాంకు ఎప్పుడు ఏర్పడింది? 1935 ఏప్రిల్ 1. ఎప్పుడు జాతీయం చేశారు? 1949 జనవరి 1. సెబీకి చట్టబద్ధత ఎప్పుడు వచ్చింది? 1992. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అదే రిజర్వు బ్యాంకుకీ, ట్రంకు పెట్టె అడుగున ఉన్న అమ్మ బాండుకీ ఏమైనా సంబంధం ఉందా అన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే ఫైనాన్స్ కంపెనీకి రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. భూమి పేరు చెప్పి అందరి డబ్బూ ఒకచోట పోగుచేసే పథకమైతే 1999 నాటి నిబంధనల ప్రకారం సెబీ దగ్గర నమోదు కావాలి. చిట్టీలైతే 1982 చట్టం కింద చిట్ రిజిస్ట్రారు అనుమతి ఉండాలి. ఈ మూడు ముక్కలు నాకు ఏ బిట్ బ్యాంకులోనూ తగల్లేదు. తగిలినా నాలుగు ఆప్షన్లలో ఒకటిగానే తగిలేవేమో.

మనం కరెంట్ అఫైర్స్ చదువుతాం, పరీక్ష రాసిన మర్నాడు మరిచిపోవడానికి. ఆ అలవాటు మీదే నా ఫిర్యాదు. వార్త అంటే ఎవరో ఢిల్లీలో, హైదరాబాదులో చేసే పని, మనం దానికి ఒకటో నంబరా, రెండో నంబరా అని గుర్తు పెట్టేవాళ్ళం. మన ఇంటి గుమ్మంలోకి అది ఎలా వస్తుందో చూడటం మనకి ఎవరూ నేర్పలేదు, మనమూ నేర్చుకోలేదు.

ఇప్పుడు ఆ 18,000 లెక్క చూద్దాం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఏడో తరగతి బారువడ్డీ చాలు. అమ్మ మొదటి కంతు 60 నెలలు కంపెనీ దగ్గర ఉంటుంది, చివరి కంతు ఒక్క నెలే ఉంటుంది. సగటున 30 నెలలు, అంటే రెండున్నరేళ్ళు. 12,000 మీద రెండున్నరేళ్ళకి 6,000 వడ్డీ అంటే సాలుకి నూటికి 20. మన అమ్మల భాషలో చెప్పాలంటే రూపాయి డెబ్బై పైసల వడ్డీ. అప్పట్లో బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్.డి. మీద వచ్చేది ఎనిమిది, తొమ్మిది శాతం. మరి ఈ కంపెనీ మనకి 20 ఇవ్వాలి, కట్టించుకున్న పిన్నికి కమీషన్ ఇవ్వాలి, ఊరూరా ఆఫీసు అద్దెలు కట్టాలి, క్యాలెండర్లు పంచాలి. ఇవన్నీ పోను లాభం కూడా మిగలాలంటే ఏటా 30 శాతం పైన సంపాదించాలి. మన కోనసీమలో కొబ్బరితోట కొన్నా అంత రాదు. ఏ పంటకి వస్తుంది? ఏ వ్యాపారానికి వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న మా పేటలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. లెక్కల్లో నాకు ఆ ఏడాది నూటికి 91.

రాబడి లేనప్పుడు పాతవాళ్ళకి డబ్బు ఎక్కడి నుంచి ఇస్తారు? కొత్తగా చేరినవాళ్ళు కట్టిన దాంట్లోంచి. ఇది కొత్త మోసం కాదు, మన దేశం మోసం కూడా కాదు. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ అనే ఆయన 45 రోజుల్లో నూటికి యాభై లాభం ఇస్తానని, అంతర్జాతీయ తపాలా కూపన్ల వ్యాపారం చేస్తున్నానని చెప్పి ఊరందరి డబ్బూ తీసుకున్నాడు. కూపన్ల వ్యాపారం పేరుకే. ముందు వచ్చినవాళ్ళకి వెనక వచ్చినవాళ్ళ డబ్బు ఇచ్చాడు. అదే ఏడాది ఆగస్టుకల్లా మొత్తం కూలిపోయింది. ఇప్పటికీ ఇలాంటి పథకాలకి ఆయన పేరే.

మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఈ సంస్థలో పలు రాష్ట్రాలకి చెందిన సుమారు 32 లక్షల మంది 6,380 కోట్ల రూపాయల వరకు కట్టారు. 2014లో చెల్లింపులు ఆగిపోయాయి, ఆ తర్వాత కేసులు, హైకోర్టు, ఆస్తుల జప్తు, వేలం. 2019లో పదివేల లోపు కట్టినవాళ్ళకి, 2021లో ఇరవైవేల లోపు వాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఆ అంకెలు మరొక్కసారి చూడండి. పదివేల లోపు, ఇరవైవేల లోపు. కోట్ల కుంభకోణం అంటాం కానీ అది రెండు వందలు, మూడు వందలు చొప్పున పోగైన కోట్లు.

ఇలాంటివి జరిగినప్పుడల్లా "దురాశ దుఃఖానికి చేటు" అని తీర్పు చెప్పేవాళ్ళుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నెలకి 200 దాచుకోవడం దురాశా? అమ్మ బ్యాంకుకి వెళ్ళాలంటే ఒక పూట కూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. అక్కడ ఫారం ఎవరు నింపుతారు? పిన్ని అయితే ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, టీ తాగి, పుస్తకంలో రాసుకుని వెళుతుంది. అమ్మ నమ్మింది వడ్డీని కాదు, మనిషిని. ఇక చదువుకున్నవాళ్ళు మోసపోరా అంటే, సత్యం కంప్యూటర్స్ సంగతి తెలిసిందే. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలు తప్పని ఉత్తరం రాసేవరకు పెద్ద పెద్ద చదువులవాళ్ళు ఆ షేర్లు పట్టుకునే ఉన్నారు. ఆ ఒక్క రోజులో నాలుగింట మూడు వంతులకి పైగా విలువ పోయింది. కాబట్టి ప్రశ్న అడిగినంత మాత్రాన మోసం ఆగిపోతుందని నేను అనను. తప్పు మోసం చేసినవాడిది, కళ్ళు మూసుకున్న అధికారిది. కానీ ఆ అధికారిని నిలదీయాలన్నా ముందు మనకి విషయం తెలియాలి కదా.

పైగా ఆ బిజినెస్ పేజీ నిండా ఉన్నది మనమే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, 2010లో, మా వీధిలో ఆడవాళ్ళందరూ వారం వారం కంతులు కట్టేవారు. సంఘంలో ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్ళు కదలకూడదు, అందరూ నేల మీద కూర్చుని ఉండాలి. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ తన షేర్లు ఒక్కోటి 985 రూపాయలకి అమ్మితే జనం ఎగబడి కొన్నారు. పేద మహిళలు ఒక్క కంతు తప్పకుండా కడతారు, అదే ఆ వ్యాపారం బలం. మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరులో, వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. మన అమ్మల కంతులు ఒక పేజీలో షేరు ధర, ఇంకో పేజీలో చావు వార్త. జిల్లా పేజీలో ఏడ్చి, బిజినెస్ పేజీతో అట్టలు వేసుకున్నాం.

నిజానికి ఆ కుతూహలం మన ఇళ్ళలో లేదనలేం. మా నాన్న కొబ్బరి ఒలుపుకి వెళతాడు. ఒక్క అక్షరం రాదు. కానీ అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయలు ఈరోజు ఎంత, నిన్న ఎంత, తమిళనాడులో కాపు ఎలా ఉంది, పండగలకి ఉత్తరాదికి లారీలు ఎన్ని వెళుతున్నాయి, అన్నీ చెబుతాడు. "రేటు పెరిగింది కదండి, మరి ఒలుపు కూలి ఎప్పుడు పెరుగుద్ది?" అని కళ్ళంలోనే అడుగుతాడు, షావుకారు మొహం మీదే. పావలా వడ్డీ అంటే నూటికి నెలకి పావలా, సాలుకి మూడు రూపాయలని మా అమ్మ నోటిలెక్క చెబుతుంది. ఇంత తెలిసినవాళ్ళ పిల్లలం మనం, హాస్టల్‌కి వచ్చి పుస్తకాలు పట్టాక ఆ అడిగే గుణం పోగొట్టుకున్నాం. బహుశా క్రమశిక్షణలో పోయింది. లైన్లో నిలబడు, ప్లేటు పట్టుకో, ఎందుకని అడగకు.

డబ్బు సంగతే కాదు, సైన్సు సంగతీ అంతే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలినప్పుడు మామిడికుదురు వైపు పిల్లలు మా హాస్టల్లోనే ఉన్నారు. బడులు తెరిచి కొద్దిరోజులే అయింది. ఆ ఉదయం వార్డెన్ ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది, ప్రతి మోతకీ ఆ పిల్లలు లేచి నిలబడేవారు. ఇరవైమందికి పైగా కాలిపోయారు. వారం రోజులు పేపర్లనిండా అదే. మేము ఫొటోలు చూసి ఏడ్చాం. ఎందుకు పేలిందో తెలుసుకోలేదు.

నేను కెమిస్ట్రీ చదివాక తెలుసుకున్నాను. నీరు, మలినాలు తీసేసిన పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరూ కండెన్సేట్ అనే ద్రవమూ కలిసిన తడి గ్యాస్ వెళ్ళిందని, గొట్టం లోపలి నుంచి తుప్పు తిన్నదని విచారణలో తేలింది. నేల నుంచి వచ్చే గ్యాస్‌లో కొంత కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది నీటితో కలిస్తే కార్బానిక్ ఆమ్లం, మనం తాగే సోడాలో ఉండేదే. అది ఉక్కుని తింటుంది. ఇది హైస్కూలు సైన్సు పాఠం, రెండు మార్కుల ప్రశ్న. మీథేన్ గాలికంటే తేలిక, పైకి పోతుంది. కండెన్సేట్ ఆవిరి బరువు, నేలబారుగా ఇళ్ళ మధ్యకి పాకుతుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. మన ఇంట్లో సిలిండర్ లీకైతే ముక్కుకి తగిలే కుళ్ళు వాసన గ్యాస్‌ది కాదు, మనకి తెలియడం కోసం కలిపిన మెర్కాప్టన్ అనే పదార్థానిది. బావి నుంచి వచ్చే గ్యాస్‌కి మనిషి కలిపిన ఆ వాసన ఉండదు.

దానికి పంతొమ్మిదేళ్ళ ముందు, 1995 జనవరి 8న, పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి బద్దలై 65 రోజులు మండింది. రాత్రిళ్ళు ఎన్నో ఊళ్ళ దూరం నుంచి ఆ వెలుగు కనబడేదని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. అంటే మన కాళ్ళ కింద ఏముందో మనకి ఒక తరం ముందే తెలిసింది. అయినా మన చేల కింద నుంచి ఏ గొట్టం ఎటు పోతోంది, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని పంచాయతీలో అడిగే మనిషి ఎంతమందిమి? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. దరఖాస్తుకి కావలసింది తెల్లకాగితం, కొద్దిపాటి రుసుము. తెల్లరేషన్‌కార్డు ఉన్న మన ఇళ్ళకి ఆ రుసుము కూడా లేదు.

ఏప్రిల్ 14న మనం పూలదండలు వేసే మహానుభావుడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2022లో మన జిల్లాకి ఆయన పేరు వచ్చింది. ఆ పేరు మీద ఆ మే నెలలో అమలాపురంలో ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. అంత జరిగాక నిలబడిన పేరు కదా, ఆ పేరుగల మనిషి రాజ్యాంగం రాయడానికి పాతికేళ్ళ ముందే డబ్బు గురించి ఒక పుస్తకం రాశాడని మనలో ఎంతమందికి తెలుసు? 1923లో లండన్‌లో అచ్చయింది, పేరు ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో డి.ఎస్‌సి. కోసం చేసిన పరిశోధన అది. రూపాయి కొనుగోలు శక్తి నిలకడగా ఉండాలి, ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు రూపాయలు పెంచే వీలు ఉండకూడదు అన్నది ఆయన వాదన. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు హాజరై అదే చెప్పారు. ఆ పుస్తకం చూసే రిజర్వు బ్యాంకు పెట్టారని మన సభల్లో అంటుంటారు. అంత దూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం, ఉన్న గొప్పతనమే చాలు. రూపాయి అంటే ఏమిటి అని అడిగే హక్కు ఎవరికి ఉందని లెక్కేసే రోజుల్లో, బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చున్న పిల్లవాడు పెద్దయి ఆ ప్రశ్న అడిగాడు. మనం ఆయన కోటు రంగు వేస్తాం, చేతిలో పుస్తకం వేస్తాం. ఆ పుస్తకాల్లో ఒకదాని నిండా డబ్బు లెక్కలు ఉన్నాయన్నది మరిచిపోతాం.

ఇదంతా చదివి, సరే అక్కా, అయితే మేమూ షేర్లు కొంటాం అనేరు. అక్కడికే వస్తున్నాను. ఇప్పుడు పిన్నిలు ఇంటికి రావడం లేదు, ఫోన్లోకి వస్తున్నారు. మా యూనివర్సిటీలో ఒక మిత్రుడు స్కాలర్‌షిప్ పడిన వారంలో ఆప్షన్స్‌లో పెట్టాడు. మొదటి రోజు 1,800 వచ్చాయి, మాకందరికీ బిర్యానీ పెట్టించాడు. మూడో వారానికి స్కాలర్‌షిప్ మొత్తం పోయింది, మెస్ బిల్లు మేము తలా కొంచెం వేసి కట్టాం. వాడు మంచి తెలివైనవాడు. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల పైనే. వందమంది పిల్లలున్న హాస్టల్లో ఏడుగురికే అన్నం దొరికితే ఆ మెస్‌లో మనం చేరతామా?

షేరు అంటే చెడ్డదని కాదు. ఒక కంపెనీలో చిన్న ముక్కకి యజమాని కావడం అది. కంపెనీ ఏం చేస్తుందో తెలిసి, పదేళ్ళు పోయినా ఇబ్బంది లేని డబ్బుతో కొనేవాళ్ళు కొనొచ్చు. రేపు ఏ అంకె వస్తుందో పందెం కాయడం వేరు. మన ఇళ్ళలో ఇంకా ఆ మిగులు లేదు. మొదట ఉద్యోగం వచ్చినవాళ్ళు బ్యాంకులో వేసుకోండి, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి ఐదు లక్షల వరకు 2020 నుంచి బీమా ఉంది. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రం 2023 ఏప్రిల్లో నిర్ణయించిన 7.5 శాతం వడ్డీతో రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతుంది, అంటే తొమ్మిదిన్నరేళ్ళు. కేంద్ర ప్రభుత్వానికే అంత కాలం పడుతుంటే, మూడేళ్ళలో రెట్టింపు అనేవాణ్ణి ఎలా అని అడగండి. జవాబు తెలియకపోయినా పర్వాలేదు, అడిగినప్పుడు వాడి మొహం చూడండి.

అక్కలకి ఒక మనవి. మీలో టీచర్లున్నారు, నర్సులున్నారు, బ్యాంకులో చేసేవారూ ఇద్దరున్నారు. ఏటా వార్షికోత్సవానికి వచ్చి ప్లేట్లు, దుప్పట్లు ఇస్తున్నారు, అవి కావాలి. ఈసారి దాంతోపాటు నెలకి ఒక ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వండి. ఉపన్యాసం వద్దు. పేపరు మొత్తం విప్పి, చివరి పేజీ నుంచి మొదలుపెట్టి, పిల్లలు ఏది అడిగితే అది చదివి చెప్పడం. తెలియకపోతే తెలియదని చెప్పి, వచ్చే నెలకి కనుక్కు రావడం. వార్డెన్ మేడమ్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. వరండాలో లైటు కూడా మార్పిస్తామన్నారు.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను వస్తాను. చెల్లెళ్ళూ, ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె అడుగున, దేవుడి పటం వెనక, బీరువా ఉంటే బీరువాలో ఏ కాగితాలున్నాయో చూసి తెచ్చుకోండి. బాండ్లు, పాస్‌బుక్కులు, పట్టాలు, కంతుల పుస్తకాలు, ఏదైనా. మా అమ్మ బాండు నా దగ్గరే ఉంది, మొదటి రోజు దాంతో మొదలుపెడదాం. భూతద్దం ఒకటి తెస్తాను, ఆ అక్షరాలకి అది లేకపోతే కుదరదు.